కర్మకాండకు అందని శోకము

మరణించినవారికై బ్రతికియున్నవారు ఎన్ని దినములు మైల పట్టవలెనో, ఎన్ని పిండములు వేయవలెనో, అస్థిసంచయనము ఏనాడు చేయవలెనో మన ధర్మశాస్త్రకారులు కొలత వేసి మఱీ చెప్పిరి. పెద్దవాని చావునకు వర్ణమును బట్టి పది మొదలు ముప్పది దినముల వఱకు ఆశౌచము విధించిన ఆ చేయియే పసిబిడ్డ చావు దగ్గఱకు వచ్చుసరికి లెక్కను చకచక కుదించివేసినది. దంతములు మొలవని శిశువు పోయినచో అప్పటికప్పుడే శుద్ధి యనియు, పుట్టువెండ్రుకలు తీయించని బిడ్డకు ఒక్క రాత్రి యనియు యాజ్ఞవల్క్యస్మృతి చెప్పుచున్నది. రెండేండ్లు నిండని బిడ్డను దహింపక పూడ్చిపెట్టవలెను, నీళ్లు విడువరాదు. మనువు ఆ బిడ్డను అలంకరించి ఊరి వెలుపల శుచియైన నేలలో ఉంచుడనెను. నిప్పు వలదు, నీరు వలదు, ఎముకలు ఏఱవలదు, అడవిలో కట్టెను విడిచినట్లు విడిచి రండనెను. ఇక ఇంట పెరిగిన కుక్కయో చిలుకయో ఆవుదూడయో పోయినచో ఏమి చేయవలెనన్న ప్రశ్నయే శాస్త్రమునకు తోచినట్లు లేదు. జంతువును చంపినవానికి అందు ప్రాయశ్చిత్తము కలదు గాని, పోగొట్టుకొన్నవానికి ఊఱట లేదు.

దీనిని చూచి మన పూర్వులు కఠినహృదయులని తీర్పు చెప్పుట తొందరపాటు. కర్మకాండ ప్రేతము కొఱకు ఏర్పడినది. దేహము విడిచిన జీవుడు పితృలోకము చేరువఱకు త్రోవలో ఆకలిదప్పులకు గురికాకుండ అన్నోదకములు పంపుట దాని పని. కర్మ యేమియు చేయని పసిబిడ్డకు ఆ ప్రయాణపు బాధయే లేదు గనుక దారిబత్తెము అక్కఱలేదని వారి తర్కము. తర్కము నిర్దుష్టమే. అయినను పోయినవారి అవసరమును బట్టి కట్టిన ఈ ఏర్పాటులో, పాలు గడ్డకట్టిన ఱొమ్ములతో గోడకు జేరగిలబడిన తల్లి అవసరమునకు చోటు మిగులలేదు. పెద్దవాని చావులో పది దినములు ఇంటినిండ జనము, పురోహితుని పిలుపులు, దర్భలు, నువ్వులు, ఏటికి పోవుట, ఏటినుండి వచ్చుట—ఇన్ని పనులలో దుఃఖమునకు చేతులు కాళ్లు ఏర్పడి అది అటునిటు తిరుగును. బిడ్డ పోయిన ఇంట మఱునాటికే పని యేమియు ఉండదు. ఆ ఖాళీని పూరించినది శాస్త్రము కాదు, ఇరుగుపొరుగు. ఆ పూరించిన తీరు ఏ గ్రంథమునను ఒక్కచోట దొరకదు. స్మృతులలో ఒక పంక్తిగా, పురాణములో ఒక కథగా, ఊరి పేర్లలో ఒక పేరుగా చెదరియున్నది.

స్మృతులలోని ఆ పంక్తులను ముందు చూతము. యాజ్ఞవల్క్యుడు ప్రాయశ్చిత్తాధ్యాయపు మొదటనే శ్మశానమునుండి మరలివచ్చు బంధువుల నడవడిని చెప్పెను. వారు స్నానము చేసి, నీళ్లు విడిచి, గట్టెక్కి మెత్తని పచ్చికపై కూర్చుండవలెను. అపుడు పెద్దలు వారికి పాతకథలు చెప్పి దుఃఖమునుండి మరలింపవలెను. కూర్చుండుటకు మెత్తని పచ్చికయే కావలెనని పేర్కొన్న ఆ స్మృతికర్త యెవడో గాని, ఎన్నడో ఒకనాడు తానును అట్లు ఏటిగట్టున కూలబడినవాడై యుండునని నాకు తోచును. ఇల్లు చేరునపుడు పిల్లలను ముందు నడిపించుకొని పోవలెనట; గుమ్మము దగ్గఱ వేపాకు కొఱికి, ఆచమించి, ఱాతిపై మెల్లగా అడుగుపెట్టి లోనికి పోవలెనట. పిల్లలు ఏల ముందు నడువవలెనో స్మృతి చెప్పదు. ఆ ఇంటిలోనికి మొట్టమొదట ఎవరో ఒకరు అడుగుపెట్టవలెను గదా. పెద్దవారికి కాలు ఆడని తఱి అది.

ఆ పిమ్మటి మాట మఱింత ముఖ్యమైనది. దుఃఖములో ఉన్నవారు కొన్నదిగాని, ఇతరులు ఇచ్చినదిగాని తినవలెను, తామై వండుకొనరాదు. పారస్కర గృహ్యసూత్రమునను ఇదే విధి కలదు. ఇది విధింపబడినది తినువారికే యైనను, ఈ విధి చెల్లవలెనన్నచో పెట్టువారు ఒకరు ఉండితీరవలెను. అనగా పొరుగువాని దయను నమ్ముకొని స్మృతికర్త ఆ వాక్యము వ్రాసెనన్నమాట. యాజ్ఞవల్క్యస్మృతికి కల్యాణనగరమున విక్రమాదిత్య చాళుక్యుని కాలమున విజ్ఞానేశ్వరుడు మితాక్షరావ్యాఖ్య రచించెను. పదుమూడవ శతాబ్దిలో తిక్కన సమకాలికుడైన కేతన దానిని విజ్ఞానేశ్వరమను పేర తెనిగించెను. ధర్మశాస్త్రము తెలుగున పద్యమై రాకమునుపే మన పల్లెలు ఆ ఒక్క విధిని తమదిగా చేసికొనియుండును. చావు జరిగిన ఇంట పొయ్యి రాజేయరు. ప్రక్కయింటివారు అన్నము వార్చి, ఇంత చారు కాచి, తపేలామీద మూత పెట్టి, దొడ్డిత్రోవన తెచ్చి వంటయింటి గడపలో పెట్టి పోయెదరు. తెచ్చినామని చెప్పరు, తిన్నారా యని అడుగరు. సందెవేళకు ఆ యింటి ముసలమ్మ ఎవరో లేచి, ఏడ్చి సొమ్మసిల్లినవారి నోట నాలుగు ముద్దలు బలవంతముగ పెట్టును. ఈ దయకును గోడలు కలవని దాచనక్కఱలేదు. వండిన అన్నము కులపు గడప దాటలేదు. బియ్యము, కూరలు, పాలు మాత్రమే దాటినవి. పది ఇండ్ల అవతల మాలపల్లెలో బిడ్డ పోయినదని విని కన్నీరు పెట్టిన గృహిణియే ఆ పది ఇండ్లను దాటి పోలేకపోయెను.

పరామర్శకు పోవువారి నడతయు మన ఊళ్లలో వ్రాయని శాసనమువలె నడచినది. మంగళ శుక్రవారములలో పలకరింపునకు పోరు. ఆ ఇంటివారు రండని పిలువరు, వచ్చినవారు వెళ్లివత్తుమని చెప్పరు. వచ్చి కూర్చుండి, లేచి పోయెదరు. నాగరికులమనుకొనువారు ఇందలి రెండవ భాగమును మూఢాచారమని నవ్వుట కద్దు. మరల ఇట్టి పనిమీద ఈ ఇంటికి రాకూడదను కోరికను నోట చెప్పక చేతలో చెప్పుట అది. దానిలో నవ్వవలసినది నాకు కనబడదు. పెద్దకర్మ ముగిసిన తరువాత దగ్గఱి చుట్టములు దుఃఖితులను తమ ఇంటికి తీసికొనిపోయి ఒక రాత్రి నిద్ర చేయింతురు. ఇల్లు మార్చి ఒక్క రాత్రి పడుకొన్నంత మాత్రమున కడుపుకోత తీఱదని ఆ తీసికొనిపోవువారికి తెలియును. పడుకొనుటకు వేఱొక కప్పు, లేవగానే చూచుటకు వేఱొక గోడ—అంతే వారు ఈయగలిగినది, దానిని ఇత్తురు.

మాటల సంగతి వేఱు. ఓదార్పు మాటలను మన మహాభారతము చూచినంత అనుమానముతో మఱియే గ్రంథమును చూడలేదని నా నమ్మకము. శాంతిపర్వమున భీష్ముడు ధర్మరాజునకు చెప్పిన గృధ్రగోమాయు సంవాదము తెలియనివారు తెలిసికొనదగినది. ఒక కుటుంబమువారు ముద్దులమూటయైన ఒక్కగానొక్క బిడ్డ చనిపోగా శ్మశానమునకు ఎత్తుకొనివచ్చి, దింపలేక దింపలేక దింపి, విడిచిపోలేక ఏడ్చుచుందురు. గ్రద్ద యొకటి వచ్చి, చచ్చినవాడు ఎవడును తిరిగిరాడు, లోకధర్మము ఇంతే, ప్రొద్దు క్రుంకకమునుపే ఇండ్లకు పొండని వేదాంతము చెప్పును. వారు లేచి నాలుగడుగులు వేయగానే నక్క బొఱియనుండి వెలువడి, ఎంత కఱకు గుండెలు మీవి, ఇంకను వెలుగున్నది, ఈ బంగారు మేనిని విడిచి ఎట్లు పోయెదరు, నిలువుడని ప్రేమతత్త్వము చెప్పును. వారు మరలుదురు, గ్రద్ద మరల మాటాడును. గ్రద్దకు పగలు దాటినచో తిండి లేదు, నక్కకు రాత్రి కాక తిండి రాదు. రెండింటి మాటలును శాస్త్రసమ్మతములే, రెండింటి కన్నును శవముమీదనే. తుదకు శంకరుడు ప్రత్యక్షమై బిడ్డను బ్రతికించెననుట కథకు మంగళము పలుకుటకు చేర్చినది కావచ్చును. కథ చెప్పదలచినది అంతకుముందే చెప్పివేసినది. అనిత్యమును గూర్చి అనర్గళముగ మాటాడువాడు ఏ ఇంట ఎదురైనను నాకు ముందుగ ఆ గ్రద్దయే తలపునకు వచ్చుచుండును.

దీనికి మాఱుగ బౌద్ధుల కిసాగోతమి కథను చెప్పుట పరిపాటి. చచ్చిన బిడ్డను చంకనిడుకొని శ్రావస్తిలో మందు కొఱకు తిరిగిన ఆ తల్లిని బుద్ధుడు చావెఱుగని ఇంటినుండి చిటికెడు ఆవాలు తెమ్మనెను, ప్రతి ఇంటను ఎవరో ఒకరు పోయియుండిరి, ఆమెకు జ్ఞానోదయమైనది. కథకులందఱును ఈ జ్ఞానోదయము దగ్గఱనే ఆగుదురు గాని, దానికి ముందున్న చిన్న సంగతిని ఎవరును పట్టించుకొనరు. పిచ్చిదానివలె శవముతో గుమ్మము ముందర నిలిచిన ఆ స్త్రీని చూచి శ్రావస్తీ గృహిణులు తలుపు మూయలేదు. అడిగిన ప్రతి ఇంటను ఆవాలు ఇచ్చుటకు సిద్ధపడిరి. ఆమె మఱియొక ప్రశ్న అడిగినపుడు తమ ఇంటి చావులను చెప్పుకొనిరి. ఆమెను ఊఱడించినది బుద్ధుని ఉపాయమెంతయో, ఆ గుమ్మములందలి మాటలును అంతయే.

పూర్వము బిడ్డలు విరివిగ పోవుచుండిరి గనుక తల్లిదండ్రులకు ఆ దుఃఖము అలవాటై యుండునని వ్రాయు చరిత్రకారులు కొందఱు కలరు. విరివిగ పోవుట నిజము. ఇరువదవ శతాబ్దపు తొలి దశకములలో మనదేశమున పుట్టిన వేయిమంది శిశువులలో సుమారు 200 మంది ఏడాది నిండకముందే కన్నుమూసిరి. అలవాటగుట మాత్రము అబద్ధము. దానికి మన తెలుగు పేర్లే సాక్ష్యము. వరుసగ బిడ్డలు దక్కని తల్లికి మరల కాన్పు అయినపుడు ఆ పసికందును పెంటకుప్పపై దొర్లించి పెంటయ్య యనిరి. తిని పాఱవేసిన విస్తరాకులలో దొర్లించి పుల్లయ్య యనిరి. పనికిమాలిన వస్తువుగ కనబడినచో మృత్యువు ఆశపడదని ఎంచిరి. ఇంతకంటె లోతైనది తవుడునకు అమ్ముట. ఊరూరికి కొంత మాఱుచుండినను ఆచారము స్థూలముగ ఇది: పదిమంది బిడ్డలను పెంచి పెద్దచేసిన పొరుగింటి ఇల్లాలు చేటలో తవుడు పట్టుకొని వచ్చి, బాలింత ముందు దానిని పోసి, బిడ్డను కొన్నానని చెప్పి తన ఒడిలోనికి తీసికొనును. ఆ క్షణమునుండి బిడ్డ ఆమెది. పిమ్మట తన బిడ్డను పెంపకమునకు ఇచ్చినట్లుగ కన్నతల్లి చేతికే తిరిగి యిచ్చును. పిల్లవానికి తవిటయ్య యనియో, పిల్లకు తవిటమ్మ యనియో పేరు నిలుచును.

ఈ తంతును మూఢవిశ్వాసముల పట్టికలో చేర్చి పేజీ త్రిప్పివేయుట సులభము. ఆ పొరుగింటి ఇల్లాలి వైపునుండి ఒకమాఱు చూడవలెను. బిడ్డ లేని ఇంటి గాలి సోకిననే తన పిల్లలకు కీడని వెఱచు కాలమది. ఆ కాలమున ఆమె చేటెడు తవుడుతో వచ్చి, ఈ బిడ్డకు రాదలచిన చావు వచ్చెనేని నా బిడ్డ కొఱకని నా ఇంటికి రావలెనని నలుగురిలో పలికినట్లే. మృత్యువును మోసగించు వ్యాపారములో తన పేరు పూచీగ వ్రాయించుకొనుట చిన్న సాహసము కాదు. ఖర్చు చూడబోయిన చేటెడు తవుడు. అంతకుముందు పోయిన బిడ్డల మాట ఆమె ఎత్తదు. ఎత్తకయే వారందఱి లెక్కను మనసులో ఉంచుకొని వచ్చినదని బాలింతకు తెలియును.

ఇక నోరులేని జీవుల సంగతి. మన పురాణము ఈ మమకారమును మెచ్చలేదు. తల్లి పోయిన జింకపిల్లను ఏటిలోనుండి ఎత్తి పెంచిన భరతుడు దానినే తలచుచు ప్రాణము విడిచి జింకయై పుట్టెనని భాగవత పంచమస్కంధము హెచ్చరించుచున్నది. ఆ స్కంధమును తెనిగించినది గంగన. ఊరిలోని రైతు ఈ హెచ్చరికను వినియు విననట్లుండెను. అరక కట్టిన ఎద్దు చచ్చినపుడు కొందఱు దాని కళేబరమును తోలునకు ఈయక, కొమ్ములకు పసుపు రాచి, నొసట కుంకుమ పెట్టి, కొత్తగుడ్డ కప్పి తమ పొలములోనే గోయి తీసి పూడ్చిరి. అట్టి యింటికి తోడి రైతులు పలకరింపునకు వచ్చిరి; అదను తప్పిపోవుచున్నదని చూచి ఒకపూట తమ అరకతో వచ్చి వాని చేను దున్నిపెట్టి పోయిరి. కోతి చచ్చినచో ఊరంత మేళతాళములతో ఊరేగించి పూడ్చి, పైన చిన్న ఆంజనేయుని గుడి లేపుటయు కలదు గాని, అది భక్తి. అరక తోలిపెట్టుట స్నేహము.

కుక్కకు ఈ గౌరవము అరుదు. అరుదైనను ఒక గొప్ప సాక్ష్యము మన పొరుగున కన్నడసీమలో మండ్య జిల్లా ఆతకూరున దొరకినది. 949లో తక్కోలపు పోరున రాష్ట్రకూట మూడవ కృష్ణుని పక్షమున గాంగరాజు బూతుగుడు చోళ రాజాదిత్యుని చంపెను. బూతుగుని సేవకుడగు మణలేరుడు ఆ పోరున చూపిన శౌర్యమునకు మెచ్చి ప్రభువు ఏమి కావలెనో కోరుకొమ్మనగా, అతడు ఊళ్లు కోరలేదు, బంగారము కోరలేదు. కాళి యను వేటకుక్కను కోరెను. ఆ కాళి ఒక పెద్ద అడవిపందితో తలపడెను. రెండును ఒండొంటిని చంపుకొని పడిపోయెను. మణలేరుడు గుడి ముందర శిల నిలిపి, దానిపై కుక్కయు పందియు పెనగులాడు బొమ్మ చెక్కించి, ఆ శిల పూజకై మాన్యము వ్రాయించెను. గుడిలోని గొరవడను అర్చకుడు ఆ శిలను పూజింపక అన్నము తినరాదనియు, తినెనేని పాపము తగులుననియు శాసనమున చేర్చెను. చోళసామ్రాజ్యమును కుదిపిన యుద్ధమునకును ఒక కుక్క చావునకును ఒకే ఱాతిపై చోటు దొరకినది. వేటకు మెచ్చి శిల నిలిపెనేమో గాని, దినదినము ఒకడు దాని యెదుట నిలువవలెనని కట్టడి చేయుట వేటగాని ఊహ కాదు, దుఃఖితుని ఊహ. ఆ శిల నేడు బెంగుళూరు ప్రభుత్వ సంగ్రహాలయమున ఉన్నది.

మాన్యములు వ్రాయించు శక్తి లేనివారికి ద్వారపాలకుడు చాలును. లండనులో హైడ్ పార్కు విక్టోరియా ద్వారము దగ్గఱ కావలి యింట విన్‌బ్రిడ్జి యనువాడు ఉండెను. అక్కడికి షికారు వచ్చు పిల్లల కుక్క, ముసలిదైన చెఱీ, చనిపోగా, అది ఆడుకొన్న తోటలోనే పూడ్చనిమ్మని ఇంటివారు కోరిరి. 1881లో అతడు తన పెరటి తోటలో చోటిచ్చెను. తరువాత ఒకరిని చూచి ఒకరు వచ్చిరి. 1903లో తోట నిండి తలుపు మూయు నాటికి సుమారు 300 చిన్న ఱాళ్లు లేచినవి. యజమానులు చూడలేమని మొగము త్రిప్పుకొన్నపుడు గోయి త్రవ్వి పూడ్చిన చేతులు విన్‌బ్రిడ్జివే.

బిడ్డ, పెంపుడు ప్రాణి—ఈ రెండు దుఃఖములును ఒక్క ఇంటనే కలిసిన వృత్తాంతము ఇస్లాము సంప్రదాయమున కలదు. ప్రవక్త సేవకుడగు అనసునకు అబూ ఉమైర్ అను చిన్న తమ్ముడు ఉండెను. అతడు ఒక చిన్న పిట్టను పెంచుకొనెను. పిట్ట చనిపోయినది, పిల్లవాడు ముడుచుకొని కూర్చున్నాడు. ఆ ఇంటికి వచ్చిన ప్రవక్త పిల్లవానిని పేరుతో పిలిచి, నీ చిన్నపిట్ట యేమైనదని, పిట్ట పేరును అతని పేరునకు ప్రాసగ కలిపి పలకరించెను. అంతే జరిగినది. ఒక సమాజమును నడుపుచున్న మనిషి పిట్ట చావునకు పరామర్శించెనన్న ఈ ఒక్క సంగతినుండి హిజ్రీ నాలుగవ శతాబ్దపు పండితుడు ఇబ్నుల్ కాస్ అఱువది ధర్మసూక్ష్మములను తీసి గ్రంథమే రచించెను. పిమ్మట ఆ ఇంట ఒక బిడ్డ పోయినపుడు తల్లి ఉమ్ము సులైమ్ ఆ రాత్రి భర్తకు అన్నము పెట్టి, అతడు విశ్రమించిన తరువాతనే ఆ మాట చెప్పెననియు, ఆ బిడ్డ ఈ అబూ ఉమైరే యనియు వ్యాఖ్యాతలు కొందఱు చెప్పుదురు. 629లో మూతా యుద్ధమున ప్రవక్త బంధువగు జాఫర్ మరణించిన వార్త వచ్చినపుడు ఆ కుటుంబమునకు అన్నము వండి పంపుడని ప్రవక్త చెప్పిన మాట ఆచారముగ నిలిచినది. తెలంగాణమున ముస్లిముల యిండ్లలో చావు జరిగినచో నేటికిని చుట్టుప్రక్కలవారు అన్నము పంపుదురు. యాజ్ఞవల్క్యుని పంక్తి తెలియని ఇండ్లును, జాఫరు పేరు వినని ఇండ్లును ఒకే వీధిలో ఒకే పని చేయుచువచ్చినవి.

ఇప్పుడు పెద్దల కర్మలకు గుత్తకు మాటాడుకొన్న పురోహితులు ఉన్నారు, వంటవారు ఉన్నారు, కార్డులు అచ్చువేయువారు ఉన్నారు. పసిబిడ్డ పోయిన ఇంటికి వెళ్లుట ఎట్లో తెలియక చాలమంది వెళ్లనే వెళ్లరు. కుక్క పోయిన ఇంటికి వెళ్లుట నవ్వులాట యనుకొందురు. అట్టి యిల్లు మీ వీధిలో ఉన్నచో వెళ్లుడు. మఱొకరు పుట్టెదరులే యనకుడు, వేఱొకదానిని తెచ్చుకొనుడనకుడు. పోయినదాని పేరు పలికి అడుగుడు. పోవునపుడు వండినది ఏదేని ఒక గిన్నెలో పట్టుకొని పొండు. ఆ గిన్నెను తిరిగి అడుగుటకు తొందరపడకుడు.